ముందు మీ డిస్కులు చూసుకోండి, ప్లేయర్ సంగతి తర్వాత

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: బంధువుల ఇంటి నుంచి మీకు ఒక బీరువా నిండా లేజర్‌డిస్కులు, అంటే డీవీడీలకు ముందు కాలపు పెద్ద సినిమా డిస్కులు, వచ్చాయి. జపాన్ అచ్చులు ఎక్కువ, అమెరికా అచ్చులు కొన్ని. వాటితో వచ్చిన ప్లేయర్ ట్రే కూడా తెరుచుకోవడం లేదు. కొనేదేదో ఒక్కసారే గట్టిది కొందామని పయనీర్ ఎల్‌డీ-ఎస్2, సీఎల్‌డీ-97, హెచ్‌ఎల్‌డీ-ఎక్స్9 మధ్య ఊగిసలాడుతున్నారు. "డబ్బు పెడితే బొమ్మలో నిజంగా తేడా కనిపిస్తుందా, లేక ఇదంతా కలెక్టర్ల మోజేనా?" అని అడిగారు.

తేడా కనిపిస్తుంది. అయితే దానికి మోడల్ నంబరు ఎంత కారణమో, ఆ యంత్రం ఈ ముప్పై ఏళ్లు ఎవరి చేతిలో ఎలా ఉందన్నదీ అంతే కారణం. సర్వీసు చేయని అగ్రశ్రేణి ప్లేయర్ కంటే, శుభ్రంగా సెట్ చేసిన మధ్యతరగతి ప్లేయర్ మంచి బొమ్మ ఇస్తుంది. ఈ మాట నచ్చనివాళ్లు చాలామంది ఉన్నారని నాకు తెలుసు.

అసలు ప్లేయర్‌ను బట్టి బొమ్మ ఎందుకు మారాలి? లేజర్ అనగానే డిజిటల్ అనుకోవడం మామూలే. లేజర్‌డిస్క్‌లో బొమ్మ పూర్తిగా అనలాగ్. డిస్క్ మీద గుంతలు ఉంటాయి, నిజమే. కానీ అవి సున్నాలూ ఒకట్లూ కావు. గుంతల పొడవు, వాటి మధ్య ఎడం నిరంతరంగా మారుతూ ఒక ఎఫ్‌ఎం తరంగాన్ని మోస్తాయి. ఆ తరంగంలో ఉండేది కాంపోజిట్ వీడియో, అంటే వెలుగూ రంగూ కలగలిసిపోయిన ఒకే సిగ్నల్. డీవీడీలో ఒక బిట్టు తప్పు చదివినా దోష సవరణ దాన్ని సరిచేస్తుంది, అందుకే చవక డీవీడీ ప్లేయరూ ఖరీదైనదీ డిస్క్ నుంచి చదివే సమాచారం ఒక్కటే. ఇక్కడ బొమ్మకు అలాంటి రక్షణ లేదు. డిస్క్ కాస్త ఊగితే రంగు వణుకుతుంది. పక్క ట్రాక్ సిగ్నల్ కాస్త కలిసినా తెర మీద ఏటవాలు చారలు పాకుతాయి. పికప్ (డిస్కును చదివే లేజర్ భాగం) బలహీనపడితే ఎర్రటి దుస్తుల మీద, నీలి ఆకాశం మీద ఇసుక చల్లినట్టు నాయిస్ లేస్తుంది. మోటారు, లెన్సు, వాటి కదలికలను సరిదిద్దే సర్వో, కరెంటు సప్లయి, ఇలా ప్రతి భాగమూ తన సంతకం బొమ్మ మీద పెడుతుంది. ఈ యంత్రాల మీద మోజు పుట్టేది కూడా అక్కడే.

ఇక చరిత్ర రెండు ముక్కల్లో. ఫిలిప్స్, ఎంసీఏ కలిసి 1978 డిసెంబరులో అమెరికాలో దీన్ని అమ్మకానికి తెచ్చాయి. జపాన్‌లో 1981లో పయనీర్ మొదలుపెట్టింది, చివరిదాకా మోసిందీ అదే. ప్లేయర్ల తయారీ ఆపేస్తున్నట్టు పయనీర్ ప్రకటించింది 2009లో. అంటే మార్కెట్లో ఉన్న వాటిలో అతి చిన్న వయసు యంత్రం కూడా ఇప్పుడు కొత్తది కాదు. పైగా మీరు చెప్పిన మూడూ 1990లవి.

మొదటి తరం ప్లేయర్లలో హీలియం-నియాన్ గ్యాస్ లేజర్ ట్యూబులు ఉండేవి. ఎర్రటి కాంతి, పెద్ద పెట్టె, లోపల వెయ్యి వోల్టులకు మించిన కరెంటు. చూడముచ్చటగా ఉంటాయి. కానీ అవి బీరువా మీద పెట్టుకోవడానికి తప్ప రోజూ సినిమా చూడటానికి కొనేవి కావు. ట్యూబు పోతే మరొకటి దొరకడం కష్టం. హైవోల్టేజీ పని తెలియనివాళ్లు దాని మూత తీయనే కూడదు. 1980ల నడుమ నుంచి పరారుణ లేజర్ డయోడ్లు వచ్చాక ప్లేయర్లు చిన్నవయ్యాయి, నమ్మకంగా నడిచాయి. ఆ కాలంలోనే డిస్క్ మీద సీడీతో సమానమైన 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్ డిజిటల్ ధ్వని చేరింది. బొమ్మ అనలాగ్, ధ్వని డిజిటల్ అనే ఈ విచిత్రమైన కలయికే చాలామందికి లేజర్‌డిస్క్ అంటే.

సరే, మీ మూడు మోడళ్ల దగ్గరకు వద్దాం.

ఎల్‌డీ-ఎస్2 ఒంటెత్తు యంత్రం. సీడీలు ఆడదు. డిస్క్ రెండో వైపు దానంతటది తిప్పుకోదు, మీరే లేచి తిప్పాలి. పికప్‌ను కింది నుంచి పైకి తీసుకెళ్లే యంత్రాంగం లేదు కాబట్టి లోపల కదిలే భాగాలు తక్కువ, చట్రం గట్టిది, బరువు చాలా ఎక్కువ. దానిలో ఒక నిశ్చలత ఉంటుంది. కదలని సన్నివేశంలో గోడ గోడలాగే నిలబడుతుంది. అయితే ఏసీ-3 (డాల్బీ వాళ్ల డిజిటల్ సరౌండ్) ధ్వనితో డిస్కులు వచ్చింది 1995లో, ఈ ప్లేయర్ అంతకు ముందుది. కాబట్టి ఏసీ-3 అవుట్‌పుట్ ఫ్యాక్టరీ నుంచి ఉండదు. ఉంటే ఎవరో తర్వాత పెట్టించినదే. ఆ పని ఎంత శుభ్రంగా చేశారో ఫొటో అడగండి. వెనక ప్యానెల్‌కు వంకరగా తొలిచిన రంధ్రం కనిపిస్తే లోపల టంకం కూడా అలాగే ఉంటుందని నా అనుమానం, అది తప్పిన సందర్భాలు తక్కువ.

సీఎల్‌డీ-97 రెండు వైపులా ఆడుతుంది, సీడీ కూడా ఆడుతుంది. దీనికీ ఏసీ-3 పుట్టుకతో లేదు. ఇంట్లో అందరూ కలిసి సినిమా చూసే వాడకానికి మూడింటిలో ఇదే సుఖం. తర్వాత వచ్చిన సీఎల్‌డీ-99లో ఏసీ-3 అవుట్‌పుట్టూ, వెలుగునూ రంగునూ విడదీసే త్రీడీ కోంబ్ ఫిల్టరూ ఉన్నాయి. అది మీ జాబితాలో ఎందుకు లేదో నాకు అర్థం కాలేదు, చేర్చుకోండి.

హెచ్‌ఎల్‌డీ-ఎక్స్9, దాని అన్నగారు ఎక్స్0, వేరే జాతి. ఇవి జపాన్ మార్కెట్ కోసం చేసినవి. వీటిలో పరారుణ కాంతికి బదులు దాదాపు 670 నానోమీటర్ల ఎర్ర లేజర్ వాడారు. తరంగదైర్ఘ్యం తగ్గితే డిస్క్ మీద పడే కాంతి చుక్క చిన్నదవుతుంది. ట్రాకుల మధ్య దూరం సుమారు 1.6 మైక్రోమీటర్లే కాబట్టి, చుక్క చిన్నదైతే పక్క ట్రాక్ గోల తగ్గుతుంది. ముఖ్యంగా సీఎల్‌వీ డిస్కుల్లో (వైపుకు గంట ఆడే రకం, కింద చెప్తాను) ఈ మేలు కంటికి తెలుస్తుంది. ఎర్ర లేజర్ అవసరపడింది మ్యూజ్ డిస్కుల కోసం. మ్యూజ్ అంటే జపాన్ వాళ్ల 1125 లైన్ల అనలాగ్ హై-డెఫినిషన్. ఆ ఫార్మాట్‌లో లేజర్‌డిస్కులు 1990ల నడుమ అమ్మారు. మామూలు డిస్కులకు ఈ లేజర్ చేసే మేలు ఒక రకంగా కొసరు. ఎక్స్0 అయితే ముప్పై కిలోలు దాటిన రాక్షసి, దాన్ని ఒంటరిగా ఎత్తబోయి నడుం పట్టించుకోకండి.

మరి ఎక్స్9 కళ్లు మూసుకుని కొనెయ్యొచ్చా? ఇక్కడే ఆగాలి. 1990ల తొలి సగంలో చాలా కంపెనీల సర్క్యూట్ బోర్డుల మీద వాడిన చిన్న సర్ఫేస్ మౌంట్ కెపాసిటర్లు కాలం గడిచేకొద్దీ కారుతాయి. కారిన ద్రవం బోర్డు మీది సన్నని రాగి దారులను తినేస్తుంది. టంకం సెగ తగిలితే చేపల వాసన వస్తుంది, ఒకసారి పీలిస్తే మరిచిపోరు. ఇంత చిక్కటి బోర్డులున్న ప్లేయర్లో వాటన్నిటినీ మార్చడం పెద్ద పని. ఎర్ర లేజర్ పికప్ పోతే కొత్తది దొరకదు, మరో ఎక్స్9 ప్రాణం తీసి దీనికి పోయాలి. కెపాసిటర్లు మార్చారా, ఎప్పుడు, ఎవరు, ఏ బోర్డుల్లో అన్న వివరం లేకుండా "వర్కింగ్ కండిషన్" అన్న రెండు మాటలతో అమ్మే ఎక్స్9 పైన పటారం లోన లొటారం కిందే లెక్క.

ఇక మీరు పెద్దగా పట్టించుకోని డిస్కుల విషయం. నా దృష్టిలో ఎంపిక ఇక్కడ మొదలవుతుంది.

అట్టల వెనక వైపు చూడండి. ఎన్‌టీఎస్‌సీ అని ఉందా, పాల్ అని ఉందా? ఇవి రెండు వేర్వేరు టీవీ సిగ్నల్ పద్ధతులు. జపాన్, అమెరికా అచ్చులు ఎన్‌టీఎస్‌సీ. మీరు చెప్పిన మోడళ్లు పాల్ డిస్కులు ఆడవు. యూరప్ అచ్చులు నాలుగు తేలినా రెండు పద్ధతులూ ఆడే సీఎల్‌డీ-డీ925 లాంటిది పక్కన మరొకటి కావాలి. తర్వాత సీఏవీనా, సీఎల్‌వీనా చూడండి. సీఏవీ డిస్క్ నిమిషానికి 1800 చుట్లు ఒకే వేగంతో తిరుగుతుంది, చుట్టుకు ఒక ఫ్రేము, వైపుకు 30 నిమిషాలు, 54,000 ఫ్రేములు. ఏ ఫ్రేము దగ్గరైనా కదలకుండా ఆపి చూడొచ్చు. సీఎల్‌వీ డిస్క్ లోపలి అంచున 1800తో మొదలై బయటి అంచుకు చేరేసరికి 600 దాకా నెమ్మదిస్తుంది, వైపుకు గంట పడుతుంది. మీ దగ్గర సీఏవీ సెట్లు ఎక్కువుంటే, అరగంటకోసారి లేవాల్సి వచ్చే ఎల్‌డీ-ఎస్2తో మీ మోకాళ్లు స్నేహం చేయగలవో లేదో మీరే తేల్చుకోవాలి. సీఎల్‌వీ ఎక్కువుంటే ఎక్స్9 ఎర్ర లేజర్‌కు పని దొరుకుతుంది. "హై-విజన్" లేదా "మ్యూజ్" ముద్ర ఉన్న డిస్క్ ఒక్కటి కూడా లేకపోతే ఎక్స్9 కొనడానికి ఉన్న పెద్ద కారణం పోయినట్టే. ఉన్నా, ప్లేయర్ ఒక్కటే చాలదు, విడిగా మ్యూజ్ డీకోడర్ పెట్టె కావాలి. అదీ ఆ కాలపు ముసలిదే.

ధ్వని విషయం కూడా అట్ట మీదే ఉంటుంది. ఏసీ-3 ధ్వనిని కుడి అనలాగ్ చానెల్ స్థానంలో రేడియో ఫ్రీక్వెన్సీ రూపంలో దాచారు. దాన్ని బయటికి తీయాలంటే ప్లేయర్‌కు ఏసీ-3 ఆర్‌ఎఫ్ అవుట్‌పుట్, మధ్యలో ఆ సిగ్నల్‌ను మళ్లీ డిజిటల్ ధ్వనిగా మార్చే డీమాడ్యులేటర్ పెట్టె, తర్వాత రిసీవర్ ఉండాలి. పయనీర్ ఆర్‌ఎఫ్‌డీ-1, యమహా ఏపీడీ-1 లాంటి డీమాడ్యులేటర్లు పాత సామాన్లలో దొరుకుతుంటాయి. డీటీఎస్ అనే మరో సరౌండ్ ధ్వని ఉన్న డిస్కులకు ఇంత తతంగం లేదు. ఆ సమాచారం మామూలు డిజిటల్ ట్రాక్ స్థానంలోనే ఉంటుంది కాబట్టి ఆప్టికల్ తీగ చాలు. కాకపోతే ఆ డిస్కును ఎర్ర-తెలుపు తీగలతో వింటే చెవులు చిల్లులు పడే బుసబుస వస్తుంది, ప్లేయర్ పాడైందని బెంబేలు పడకండి.

డిస్కుల్లో రాట్, అంటే లోపలి పూత కుళ్లడం, ఉందేమో చూడాలి. లేజర్‌డిస్క్ అంటే అల్యూమినియం పూత ఉన్న రెండు అక్రిలిక్ పలకలను వీపులు కలిపి జిగురుతో అంటించినది. జిగురు సరిగా లేకపోతే లోపలికి తేమ, గాలి చేరి అల్యూమినియం ఆక్సీకరణ చెందుతుంది. మొదట చీకటి సన్నివేశాల్లో అక్కడక్కడ రంగురంగుల చుక్కలు మెరుస్తాయి. ముదిరితే తెరంతా చుక్కలే, డిజిటల్ ధ్వని కూడా తెగిపోతుంది. అమెరికాలో టెర్రె హోట్ దగ్గర సోనీ ప్లాంటులో అచ్చయిన డిస్కులకు ఈ చెడ్డపేరు ఎక్కువ. జపాన్ అచ్చులు, ముఖ్యంగా కురారే ప్లాంటువి, సాధారణంగా బాగా నిలిచాయి. మీ దగ్గర జపాన్‌వి ఎక్కువ కాబట్టి అదృష్టవంతులే. డిస్కును కంటితో చూసి రాట్ తేల్చలేం, ఆడించే చూడాలి. ఒక మెలిక ఉంది: ఒకే డిస్కులో అవే చోట్ల చుక్కలు ప్రతిసారీ వస్తే డిస్కు దోషం. అన్ని డిస్కుల్లోనూ వస్తే ప్లేయర్ దోషం. ఈ తేడా తెలియక మంచి డిస్కులను "రాటెన్" అని చవగ్గా అమ్మేసేవాళ్లు ఉంటారు. అలాంటివాళ్లు తగిలితే మీ పంట పండినట్టే.

ప్లేయర్ కొనేముందు అమ్మేవారిని ఏం అడగాలి? "ఆన్ అవుతుందా" అనడిగితే అవుతుందనే అంటారు. వీడియో పంపమనండి. అందులో మీకు కావాల్సినవి: ట్రే మూసిన క్షణం నుంచి బొమ్మ వచ్చేదాకా కోత లేకుండా, శబ్దంతో సహా. డిస్కు మొదట్లో రెండు నిమిషాలు, చివర్లో రెండు నిమిషాలు. రెండు వైపులా ఆడే మోడల్ అయితే వైపు మారడం మొత్తం. తెర నిండా ఎరుపో నీలమో పరుచుకున్న ఒక దృశ్యం. లోపలి అంచున బాగుండి బయటి అంచున చారలు వస్తే టిల్ట్ సర్వో సర్దుబాటు తప్పిందని అనుకోవచ్చు. ఈ పెద్ద డిస్కులు ఎంతో కొంత వంగి ఉంటాయి, ఆ వంపుకు తగ్గట్టు పికప్‌ను వంచే మోటారే టిల్ట్. పాత గ్రీజు మైనంలా గట్టిపడి అది బిగుసుకుపోవడం మహా సాధారణం. వైపు మారేటప్పుడు టకటకమని పళ్లు జారే చప్పుడు వస్తే గేరు పగిలిందనో, పట్టాల మీద గ్రీజు ఎండిందనో అర్థం. ట్రే తెరుచుకోకపోవడం మాత్రం భయపడాల్సింది కాదు, ఎక్కువసార్లు సాగిన రబ్బరు బెల్టే. అన్నట్టు, మీకు వారసత్వంగా వచ్చిన ఆ ట్రే తెరుచుకోని ప్లేయర్ మోడల్ ఏమిటో చెప్పనే లేదు! బెల్టు మార్చి, పాత గ్రీజును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది రాస్తే అది లేచి కూర్చునే అవకాశం బాగానే ఉంది. కొత్తది కొనేలోపు డిస్కులు పరీక్షించుకోవడానికైనా పనికొస్తుంది.

దాని మూత తీస్తే ఒక్క హెచ్చరిక. పికప్ మీద చిన్న స్క్రూ లాంటి పొటెన్షియోమీటర్ ఉంటుంది, లేజర్ పవర్‌ది. బొమ్మ బలహీనంగా ఉందని దాన్ని తిప్పమని వీడియోల్లో సలహాలిస్తుంటారు. తిప్పితే కొన్నాళ్లు బొమ్మ మెరుగవుతుంది, తర్వాత డయోడ్ చచ్చిపోతుంది. దాని జోలికి పోకండి. ఫోకస్, ట్రాకింగ్, టిల్ట్, క్రాస్‌టాక్ (పక్క ట్రాక్ గోల) సర్దుబాట్లన్నీ సర్వీస్ మాన్యువల్, ఆసిలోస్కోప్, పయనీర్ జీజీవీ1003 టెస్ట్ డిస్క్ దగ్గర పెట్టుకుని చేసేవి. అవి మూడూ ఉన్న మెకానిక్ మీకు అందుబాటులో ఉంటే, ఏ మోడల్ కొనాలో నన్ను కాదు ఆయన్ని అడగండి. ఆయన చేయి తిరిగిన మోడలే మీకు మంచి మోడల్. పరారుణ లేజర్ కంటికి కనబడదు కాబట్టి నడుస్తున్న ప్లేయర్ లెన్సులోకి తొంగిచూడవద్దని వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

టీవీకి కలపడం దగ్గర కూడా డబ్బు వృథా అవుతుంటుంది. వెలుగునూ రంగునూ విడివిడిగా పంపే ఎస్-వీడియో అంటే కాంపోజిట్ కంటే గొప్ప అన్నది టేపుల కాలపు లెక్క. లేజర్‌డిస్క్‌లో వెలుగూ రంగూ ముందే కలిసిపోయి ఉన్నాయి, ఎక్కడో ఒకచోట విడదీయక తప్పదు. ఎస్-వీడియో వాడితే ప్లేయర్ లోపలి కోంబ్ ఫిల్టర్ విడదీస్తుంది, కాంపోజిట్ వాడితే బయటి పరికరం విడదీస్తుంది. ఎవరి ఫిల్టర్ మెరుగైతే వాళ్లకు వదిలేయాలి. సీఎల్‌డీ-99, ఎక్స్9లకు లోపలి త్రీడీ ఫిల్టర్ మంచిదే. ఎల్‌డీ-ఎస్2కు నేనైతే కాంపోజిట్ తీసి, మంచి బయటి ప్రాసెసర్‌కు ఇస్తాను. రెండూ మార్చి మార్చి చూడండి. రంగుల అంచున చీమలు పాకినట్టు చుక్కలు కనిపిస్తే విడదీత సరిగా లేదని లెక్క. పెద్ద ఫ్లాట్ టీవీకి నేరుగా గుచ్చి "ఇంతేనా" అని నిట్టూర్చకండి. 425 లైన్ల స్పష్టత ఉన్న ఇంటర్లేస్డ్ (గీతలు ఒకటి విడిచి ఒకటి గీసే) బొమ్మ అది. మంచి ట్యూబు టీవీ మీదో, బొమ్మను కొత్త టీవీకి తగ్గట్టు మార్చే సరైన స్కేలర్ పెట్టె ద్వారానో చూస్తే సినిమా ప్రింటులాంటి మెత్తదనం కనిపిస్తుంది. బ్లూ-రేతో పోల్చి గెలిపించే ప్రయత్నం నేను చేయను. స్పష్టతలో అది ఓడిపోతుంది. ఆనాటి రంగుల దిద్దుబాటు, ఆనాటి ధ్వని మిక్సింగ్, తర్వాతి విడుదలల్లో మళ్లీ రాని వ్యాఖ్యానాలు ఈ డిస్కుల్లో మిగిలి ఉన్నాయి. డిజిటల్ ట్రాక్‌లో సినిమా ధ్వని పెట్టి, ఖాళీగా ఉన్న అనలాగ్ ట్రాక్‌లో వ్యాఖ్యానం పెట్టే పద్ధతిని 1984లో మొదలైన క్రైటీరియన్ సంస్థ బాగా వాడుకుంది. మీ అమెరికా అచ్చుల్లో అలాంటివి ఉన్నాయేమో వెతకండి, రిమోట్‌లో ఆడియో మీట నొక్కితే ఆ గొంతు బయటపడుతుంది.

ఒకవేళ మీ అసలు ఉద్దేశం డిస్కులను కంప్యూటర్లోకి ఎక్కించి భద్రపరచడమే అయితే ఈ చర్చంతా తలకిందులవుతుంది. ప్లేయర్ లోపల పికప్ నుంచి వచ్చే ముడి ఆర్‌ఎఫ్ సిగ్నల్‌ను నేరుగా పట్టి, మిగతా పనంతా సాఫ్ట్‌వేర్‌తో చేసే ఎల్‌డీ-డీకోడ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఉంది. 1986 నాటి బీబీసీ డోమ్స్‌డే డిస్కులను కాపాడే పని కోసం తయారైన డోమ్స్‌డే డూప్లికేటర్ అనే బోర్డు దానికి జత. ఒకే టైటిల్ డిస్కులు రెండు మూడు ఉంటే వాటి సిగ్నళ్లను కలిపి రాట్ చుక్కలను తుడిచెయ్యగలరు కూడా. ఆ దారిలో ప్లేయర్ వీడియో సర్క్యూట్లకు విలువే లేదు. స్థిరంగా తిప్పి, శుభ్రంగా చదివితే చాలు. ఎన్‌టీఎస్‌సీ, పాల్ రెండూ ఆడే పయనీర్ ఎల్‌డీ-వీ4300డీ లాంటి పారిశ్రామిక ప్లేయర్ ఆ పనికి ఎక్స్9 కంటే తెలివైన కొనుగోలు.

నా తీర్పు అడిగితే: మ్యూజ్ డిస్కులు లేకపోతే ఎక్స్9 వదిలెయ్యండి. సర్వీసు చరిత్ర చూపించగలిగిన సీఎల్‌డీ-99 లేదా 97 దొరికితే తీసుకోండి. ఎల్‌డీ-ఎస్2 మీద మనసు పడితే అది రెండో ప్లేయర్‌గా రావాలి. జపాన్ నుంచి తెప్పిస్తే అది 100 వోల్టులది, అమెరికా నుంచైతే 120. మీ ఇంటి కరెంటు అంతకు మించితే, ప్లేయర్ వాడకానికి రెట్టింపు సామర్థ్యం ఉన్న స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ముందే తెచ్చి పెట్టుకోండి. ప్యాకింగ్‌కు ముందు ట్రేలో డిస్కు లేకుండా చూడమని, ఆ మోడల్‌కు అడుగున రవాణా స్క్రూ ఉంటే బిగించమని అమ్మేవారికి రాసి పంపండి. పెట్టె చేతికొచ్చాక ఆ స్క్రూ విప్పకుండా పవర్ ఇవ్వకండి.